నాలుగు హెడ్‌ఫోన్ ఆంప్‌లు, ఒక మల్టీమీటరు

ముందే చెప్పేస్తున్నా, ఇది చదివాక కొంతమందికి కోపం రావచ్చు. రెండేళ్ళ కిందట ఇలాంటిది ఎవరైనా రాసి ఉంటే నాకే వచ్చేది, ఎందుకంటే అప్పట్లో ‘ఈ ఆంప్ వార్మ్‌గా ఉంది, అది కొంచెం డ్రైగా ఉంది, దీంట్లో గొంతు రెండడుగులు ముందుకొచ్చి పాడుతోంది’ అని ఫ్రెండ్స్ గ్రూపులో పేజీలు పేజీలు రాసినవాణ్ణి నేనే.

మొన్నటిదాకా నా టేబుల్ మీద నాలుగు హెడ్‌ఫోన్ ఆంప్‌లు ఉండేవి, అంటే సన్నటి సిగ్నల్‌ని హెడ్‌ఫోన్‌కి సరిపడా పెంచే డబ్బాలు. నాలుగూ ట్రాన్సిస్టర్లు, చిప్పులతో చేసినవే, ట్యూబులు (పాత రేడియోల్లో వెలిగే గాజు బుడ్లు) లేవు.

మొదటిది ఓ2. ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో రాసే ఒక ఇంజినీరు 2011లో దీన్ని డిజైన్ చేసి, సర్క్యూటు, పార్టుల లిస్టు, టెస్టు రిజల్టులు అన్నీ ఊరికే ఇచ్చేశాడు. 2012లో రాయడం ఆపేసి మాయమైపోయాడు. నా దగ్గరున్న ఓ2 మా బాబాయి కొడుకు చేతి పని. చిల్లర పార్టులు కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి, 4556 చిప్పులు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాం. రెండోది జేడీఎస్ ల్యాబ్స్ వాళ్ళ ఆటమ్, 2018లో వచ్చింది, అప్పట్లో 99 డాలర్లు. మూడోది, నాలుగోది షిట్ ఆడియో వాళ్ళ మ్యాగ్ని 3+, మ్యాగ్ని హెరెసీ (కంపెనీ పేరు పెద్దవాళ్ళ ముందు పలకలేం, ఏం చేస్తాం). ఈ రెండూ 2019 చివర్లో ఒకేసారి వచ్చాయి. డబ్బా ఒకటే సైజు, అప్పటి ధర ఒకటే 99 డాలర్లు, తేడా అంతా లోపలే. 3+లో పాట వెళ్ళే దారంతా విడివిడి ట్రాన్సిస్టర్లు. హెరెసీలో ఓపాంప్ చిప్పులు (ఆంప్ సర్క్యూటు మొత్తం ఒక్క చిప్పులో ఇమిడ్చినవి), కొలతల్లో మార్కులు కొట్టేయడానికి చేసింది. నల్లటి డబ్బాకి ఎర్రటి నాబ్ పెట్టారు, ముద్దొస్తుంది. 3+, ఆటమ్ నావి. హెరెసీ ఆఫీసులో కొలీగ్ దగ్గర నెల రోజులకి అడిగి తెచ్చుకున్నది.

హెడ్‌ఫోన్ సెన్‌హైజర్ హెచ్‌డీ650, ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి అడ్డుపడే గుణం) 300 ఓములు. డాక్ (డిజిటల్ పాటని ఆంప్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది) ఒక్కటే, అన్నిటికీ అదే.

మొదటి వారం మామూలుగా విన్నా, అంటే అందరం వినేలాగే, ఒకదాంట్లోంచి పీకి ఇంకోదాంట్లో గుచ్చి. బాలమురళీకృష్ణ గారి పాత కచేరీ రికార్డింగ్ ఒకటుంది, వెనకాల తంబూరా శ్రుతి ఆగకుండా సన్నగా మోగుతూ ఉంటుంది. నాకు ఆంప్ పరీక్ష అంటే ఆ తంబూరానే. 3+లో అది నిండుగా, తీగ మీటిన చోట కాస్త తేనె పూసినట్టు వినిపించింది. ఓ2లో ఎండిపోయినట్టుంది. హెరెసీ శుభ్రంగా ఉంది కానీ ప్రాణం లేదు. ఆటమ్ ఆ రెండిటికీ మధ్యలో. ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నా కూడా. పక్కన కూర్చున్న మా ఆవిడకి నాలుగూ వినిపిస్తే, “అన్నిట్లోనూ అదే పాట వస్తోందిగా” అంది. నీకు చెవుల్లేవు పో అన్నాను. ఆ మాట తర్వాత వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

అనుమానం ఎక్కడ వచ్చిందంటే, నాలుగు ఆంప్‌లలో నాబ్ ఒకే చోట పెట్టినా సౌండు ఒకేలా రాదు. ఒక్కోదాని గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో అది, ఒక్కో రకం. ఓ2లో మామూలుగా తక్కువ గెయిన్ అంటే 2.5 రెట్లు, ఎక్కువ అంటే 6.5 రెట్లు, మిగతావాటి లెక్కలు వేరే. నేనేమో చెవితోనే ‘ఆఁ, సమానంగా ఉంది’ అనుకుని సర్దుతున్నా. చెవికి అర డెసిబెల్ తేడా వాల్యూమ్‌లా తెలియదు, బాగున్నట్టు తెలుస్తుంది. కాస్త గట్టిగా మోగేది నిండుగా ఉంటుంది, బేస్ ఉన్నట్టుంటుంది, గొంతు ముందుకొచ్చినట్టుంటుంది. టీవీ షోరూముల్లో సేల్స్ కుర్రాళ్ళకి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు, అమ్మాలనుకున్న స్పీకరునే రెండు గీతలు ఎక్కువ పెడతారు.

సరే, మీటరుతో కొలుద్దాం అనుకుంటే ఇంకో తంటా. ఇంట్లో ఉన్నది పసుపు రంగు చవక మల్టీమీటరు, దాంట్లో ఏసీకి ఉన్న చిన్న రేంజే 200 వోల్టులు, పాయింటు తర్వాత ఒకే అంకె చూపిస్తుంది. మనకి కావాల్సింది అర వోల్టు దగ్గర మూడు అంకెలు. చివరికి మా అపార్ట్‌మెంటు లిఫ్టు బాగుచేయడానికి వచ్చినతని దగ్గర మంచి ఆటో రేంజ్ మీటరు కనపడితే, ఆదివారం దాకా ఇవ్వమని బతిమాలుకున్నా. దేనికని అడిగాడు. పాటలు వినడానికి అన్నా. ఒకసారి ఎగాదిగా చూసి ఇచ్చాడు.

పద్ధతి ఇదీ. 300 హెర్ట్జ్ టోన్ ప్లే చేయాలి. మామూలు మీటర్లు 50 హెర్ట్జ్ కరెంటు కోసం చేసినవి, నాలుగు వందలు దాటితే చాలావాటిని నమ్మలేం, అందుకే 1000 హెర్ట్జ్ వద్దు. మరీ కింద 100 దగ్గర పెడదామంటే హెచ్‌డీ650 ఇంపీడెన్స్ అక్కడే కొండలా పైకి లేస్తుంది. హెడ్‌ఫోన్ ఆంప్‌కి తగిలించి ఉండగానే వోల్టేజ్ చూడాలి, తలకి మాత్రం పెట్టుకోకండి, ఆ టోన్ చెవిలో మేకు దిగినట్టుంటుంది. మొదటి ఆంప్‌ని 0.500 వోల్టుల దగ్గర పెట్టి, మిగతావాటిని 0.494కీ 0.506కీ మధ్యకి తెచ్చా. అంటే మొదటిదానితో తేడా సుమారు 0.1 డెసిబెల్. వినడానికి తేలికే కానీ నాబ్‌ని వెంట్రుక వాసి తిప్పడానికి అరగంట పట్టింది. ఆటమ్ ప్లాస్టిక్ డబ్బా కాబట్టి తేలిక, నాబ్ ముట్టుకుంటే ఆంప్ మొత్తం తిరుగుతుంది, కింద డబుల్ సైడ్ టేపు వేశా.

ఇంతా చేసి చూస్తే, అంతకుముందు వారం ‘తేనె పూసినట్టు’ అని రాసుకున్న 3+ని నేను మిగతావాటికన్నా దాదాపు ఒక డెసిబెల్ పైన వింటున్నా.

తర్వాత మా తమ్ముడు, అదే బాబాయి కొడుకు, ఒక చిన్న డబ్బాలో రెండు జాక్‌లు, ఒక టాగుల్ స్విచ్ పెట్టి ఇచ్చాడు. రెండు ఆంప్‌లు అటూ ఇటూ, హెడ్‌ఫోన్ మధ్యలో, టక్ అంటే మారిపోతుంది. (ఇలాంటి డబ్బా చేసుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ ఉన్న ఆంప్‌ని దీనికి కలపొద్దు. వాటికి ఎడమ, కుడి మైనస్‌లు వేరు వేరుగా ఉంటాయి, రెండూ గ్రౌండుకి కలిస్తే ఆంప్ కాలిపోవచ్చు.) నేను గోడ వైపు తిరిగి కూర్చున్నా. వాడు రూపాయి బిళ్ళ ఎగరేసి బొమ్మా బొరుసును బట్టి స్విచ్ వేసి, “అన్నా, ఇప్పుడు ఏది?” అనడం, నేను చెప్పడం. జతకి 16 సార్లు. పదహారులో పన్నెండు కరెక్టయితేనే ఏదో వినిపిస్తోందని ఒప్పుకోవాలని ముందే మాట అనుకున్నాం, ఎందుకంటే గుడ్డిగా చెప్పినా పన్నెండూ అంతకు పైనా తగలడం వందలో నాలుగు సార్లే జరుగుతుంది.

3+కీ హెరెసీకీ మధ్య: 9. ఆటమ్‌కీ ఓ2కీ మధ్య: 7. ఓ2కీ 3+కీ మధ్య: 10. ఆ పది వచ్చినప్పుడు కాస్త ఆశ పుట్టి ఇంకో పదహారు వేయించా, 8 వచ్చాయి. వాడికి ఆకలేసి లేచిపోయాడు.

తంబూరా మాత్రం నాలుగింట్లో ఒకే తంబూరా. ఆ మొదటి నిమిషం నాకు నచ్చలేదు, నిజం చెప్తున్నా. డబ్బులు పోయినందుకు కాదు. ఆ తేనె నాకు నిజంగా వినిపించింది కదా, అది ఎక్కడికి పోయింది అని. ఇది కొత్త సంగతేమీ కాదనుకోండి, 1987లోనే స్టీరియో రివ్యూ పత్రిక చవక రిసీవరు నుంచి బాగా ఖరీదైన ట్యూబు ఆంప్ దాకా పక్కపక్కన పెట్టి, సౌండు సమానం చేసి, పేర్లు దాచి వినిపిస్తే వినేవాళ్ళు తేడా పట్టుకోలేకపోయారు. చదివినప్పుడు నమ్మలేదు, అంతే.

అయితే ఆంప్‌లన్నీ ఒకటే అనేసి చేతులు దులుపుకునేవాళ్ళతో కూడా నాకు గొడవుంది. అదే రోజు సాయంత్రం హాల్లో ఉన్న పాత ఏవీ రిసీవరు (టీవీ సౌండుని స్పీకర్లకి ఇచ్చే పెద్ద ఆంప్) హెడ్‌ఫోన్ జాక్‌ని కూడా ఆ డబ్బాకి తగిలించాం. అదే 300 హెర్ట్జ్, అదే 0.500. పదహారుకి పదిహేను చెప్పా, ఆ ఒక్కటీ కూడా తొందరపడి పోగొట్టుకున్నదే. మృదంగం ఎడమ వైపు తొప్పి మీద గుమికి లాగినప్పుడు ఆ గుమ్మ్‌మ్ అనే శబ్దం రిసీవర్లో ఉబ్బింది, కాస్త వదులైంది. మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చి విని, “ఇది వేరేగా ఉంది” అంది, ఒక్కసారికే.

కారణం మాయ కాదు, చిన్న లెక్క. పాత రిసీవర్లలో చాలావాటికి హెడ్‌ఫోన్‌కి విడిగా ఆంప్ ఉండదు, స్పీకరు అవుట్‌పుట్‌కే ఒక రెసిస్టరు అడ్డం పెట్టి జాక్‌కి ఇస్తారు. మాదాంట్లో ఎంతుందో విప్పి చూడలేదు కానీ, 120 ఓములు అనుకుందాం, ఐఈసీ 61938 అనే అంతర్జాతీయ ప్రమాణం 1996 నాటి ప్రతిలో హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌కి చెప్పింది అదే. హెచ్‌డీ650 పేరుకి 300 ఓములే గానీ బేస్‌లో సుమారు 500 దాకా లేస్తుంది. 300 ఉన్న చోట ఆ రెసిస్టరు దాదాపు 2.9 డెసిబెల్స్ తినేస్తే, 500 ఉన్న చోట 1.9 మాత్రమే తింటుంది. మిగిలిన ఆ ఒక డెసిబెల్లే బేస్‌లో ఉబ్బు. దాన్నే మనం ‘ట్యూబులాంటి వార్మ్ సౌండు’ అంటాం, చాలా ట్యూబు ఆంప్‌లలో జరిగేది కూడా కొంతవరకు ఇదే. కావాలని అలా చేసే ట్రాన్సిస్టర్ ఆంప్‌లూ ఉన్నాయి, బేయర్‌డైనమిక్ ఏ20 అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (జాక్ వైపు ఇలా అడ్డుపడేది) 100 ఓములు. నచ్చితే తప్పేం లేదు, నాకూ కొన్ని పాత పాటలకి రిసీవరే నచ్చింది. కానీ రెండు రూపాయల రెసిస్టరు చేసే పనికి ‘సంగీతాత్మకత’ అని పేరు పెట్టి వేలకి వేలు తీసుకుంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. నా నాలుగింటి అవుట్‌పుట్ ఇంపీడెన్సూ ఒక్క ఓము లోపే, ఓ2ది సుమారు అర ఓము.

ఇంకో తేడా పవర్. దీని గురించి ఆన్‌లైన్‌లో భయపెట్టేవాళ్ళు ఎక్కువ. హెచ్‌డీ650కి 1 వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్, అంటే 3 మిల్లీవాట్ల చిల్లరతో చెవులు హోరెత్తుతాయి. దానికి పైన 12 డెసిబెల్స్ జాగా ఉంచుకున్నా 4 వోల్టులు, 53 మిల్లీవాట్లు, ఈ నాలుగూ ఇస్తాయి. “హెచ్‌డీ650కి రెండు వాట్లు లేకపోతే నిద్రలేవదు” అనేవాణ్ణి ఒకసారి లెక్క వేసి చూపించమనండి. కానీ హైఫైమ్యాన్ హెచ్‌ఈ6 లాంటిది ఉందంటే కథ వేరు, ఒక మిల్లీవాటు ఇస్తే అది మోగేది 83.5 డెసిబెల్సే, దానికి వాట్లే కావాలి. అప్పుడు ఓ2 చేతులెత్తేస్తుంది, మ్యాగ్నిలు నిలబడతాయి.

అటు చివర ఇయర్‌ఫోన్లు. ఇక్కడ మళ్ళీ సౌండు కన్నా నాబ్ ముఖ్యం. సున్నితమైన ఇన్-ఇయర్లు పెట్టినప్పుడు నాబ్ బొత్తిగా మొదట్లోనే ఆగిపోవాలి, అక్కడ చవక పొటెన్షియోమీటర్లలో (నాబ్ వెనకాల వాల్యూమ్ మార్చే పార్టు, ముద్దుగా పాట్) ఎడమ కుడి సమానంగా ఉండవు. మా తమ్ముడు చేసిన ఓ2లో ఆ చివరన పాట మొత్తం కుడి చెవిలోకి జారిపోతుంది. వాడు కొన్న పాట్ క్వాలిటీ అది, డిజైన్ తప్పు కాదు. ఆటమ్‌ని తక్కువ గెయిన్‌లో పెడితే ఆ బాధ లేదు, వెనకాల సైలెంటుగా కూడా ఉంది. రాత్రి ఫ్యాన్ ఆపి, పాట లేకుండా, ఊపిరి బిగబట్టి విన్నా బుస్సు వినిపించలేదు.

వాడకం దగ్గరకొస్తే, మ్యాగ్నిల పవర్ స్విచ్ వెనకాల ఉంటుంది, రోజూ తడుముకోవాలి. ఓ2కి కరెంటు వైరు, ఇన్‌పుట్, హెడ్‌ఫోన్ అన్నీ ముందు వైపే, టేబుల్ మీద సేమ్యా పారబోసినట్టు ఉంటుంది. కాకపోతే రెండు 9 వోల్ట్ బ్యాటరీలు వేసి ఊరికి తీసుకెళ్ళొచ్చు, ఆ సుఖం మిగతావాటికి లేదు.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి అడాప్టర్. ఆటమ్, 3+ రెండూ డాలస్ నుంచి మా బావ తెచ్చాడు, పచ్చళ్ళు తీసుకెళ్ళిన పెట్టెలోనే తిరుగు ప్రయాణం. “బామ్మర్దీ, ఈ ఇటుకేంట్రా, ఎయిర్‌పోర్టులో రెండుసార్లు విప్పించారు” అని విసుక్కున్నది కూడా ఆ అడాప్టర్లనే. ఇవి ఫోను ఛార్జర్లు కావు, లోపల మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అమెరికాలో కొంటే 120 వోల్టులదే వస్తుంది. మన 230లో గుచ్చితే అంతే సంగతులు. నేను ఆఖరి క్షణంలో చూసి ఆగా. ఇక్కడ కొత్తది అడిగితే షాపతను 16 వోల్టుల డీసీ అడాప్టర్ చేతిలో పెట్టాడు. వద్దు, వీటికి ఏసీ నుంచి ఏసీ కావాలి, పైన ‘అవుట్‌పుట్: ఏసీ’ అని రాసి ఉండాలి అని మూడు షాపుల్లో చెప్పుకుంటూ తిరిగితే నాలుగో అతను ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించి ఇచ్చాడు. ఇంకో సంగతి, కరెంటు పోయి మా పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు ఆ ట్రాన్స్‌ఫార్మరే టేబుల్ కింద తుమ్మెదలా జుమ్మంటుంది, పాటలోకి రాదు గానీ గదిలో వినిపిస్తుంది. నాలుగు ఆంప్‌ల మధ్య నేను వెతికిన తేడాకన్నా అది వంద రెట్లు ఎక్కువ.

హెరెసీ కొలీగ్‌కి తిరిగి ఇచ్చేశా. 3+ అమ్మకానికి పెట్టా, ప్రకటనలో వార్మ్ అని రాయలేదు, చుట్టించిన 230 వోల్టుల అడాప్టర్‌తో సహా ఇస్తానని రాశా. ఆటమ్‌కి డాలస్‌లోనే 230 అడాప్టర్ ఆర్డర్ పెట్టించా, బావ సంక్రాంతికి వస్తున్నాడు, అప్పటిదాకా ఓ2, రెండు బ్యాటరీలు.