కుట్టుమిషన్ నడుముకు ఇంట్లో నడక: 'వాక్ ఎట్ హోమ్' వీడియోలు ఎట్లా ఉన్నాయంటే

కడపలో ఎండాకాలం పొద్దున ఆరు దాటితే బయట నడవడం కష్టం. సాయంత్రమేమో నాకు బ్లౌజులు ఇచ్చేవాళ్లు, తీసుకుపోయేవాళ్లు వస్తూనే ఉంటారు. రోజంతా మిషన్ మీద వంగి కూర్చునే పని. నడుము, మెడ రెండూ పట్టేస్తుంటే యూట్యూబ్‌లో వ్యాయామం వీడియోలు వెతికాను.

పైన 'బిగినర్స్ కోసం' అని రాసి ఉంటుంది, రెండో నిమిషానికే గెంతమంటారు. తర్వాత నేల మీద పడుకోవాలి, లేవాలి, మళ్లీ గెంతాలి. బడిలో డ్రిల్లు తప్ప ఏమీ ఎరగని మనిషికి అది మొదటి మెట్టు ఎట్లా అవుతుంది? ఒకమ్మాయైతే మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లంతా బిగబట్టి నిలిపే ప్లాంక్ పట్టి, చెమట చుక్క లేకుండా కబుర్లు చెప్తోంది. ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు.

చివరికి 'వాక్ ఎట్ హోమ్' దగ్గర ఆగాను. అమెరికాకు చెందిన లెస్లీ శాన్సోన్ మొదలుపెట్టిన వ్యాయామం ఇది. ఉన్నచోటే నడక, పక్కకు అడుగు, ముందుకు కాలు విసరడం, మోకాలు ఎత్తడం. ఈ నాలుగే మారి మారి వస్తాయి. ఒక మైలు వీడియో దాదాపు 15 నిమిషాలు. మాటలన్నీ ఇంగ్లీషే, అయినా చూస్తూ చేసేయొచ్చు. మా అత్తమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు, కుర్చీ పట్టుకుని ఆమె కూడా అడుగులేస్తోంది. కాళ్లు తడబడితే సెట్టింగ్స్‌లో వేగం 0.75 పెట్టుకోండి. సంగీతం కాస్త నీరసంగా వినిపిస్తుంది, అంతే. మధ్యలో యాడ్ వస్తే నీళ్లు తాగుతాను.

అసలు ఇబ్బంది నేలతో వచ్చింది. మా ఇంట్లో అన్నీ కడప బండలే. వట్టి కాళ్లతో చేస్తే మడమలు నొప్పి. యోగా మ్యాట్ వేస్తే పక్కకు అడుగేసినప్పుడల్లా జరిగిపోతోంది. బూట్లే మేలు. ఇంట్లో బూట్లేమిటని అత్తమ్మ ఒప్పుకోలేదు. దీనికోసమే కొత్త జత కొన్నాను. అవి గడప దాటి బయటికి పోవు, దేవుడి గది వైపు రావు. ఆ షరతు మీద రాజీ కుదిరింది.

పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రెండు మైళ్ల వీడియో వారానికి ఐదు రోజులు చేస్తే ఆ లెక్క సరిపోతుంది. చేసేటప్పుడు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ సరైన వేగం. మా అత్తమ్మ తీరిగ్గా అన్నమయ్య కీర్తన ఎత్తుకుంటోంది, ఆమె ఇంకా వేగం పెంచాలి.

టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది కదా, నడుము కొలుచుకుంటూనే ఉన్నాను. కొలతలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మిషన్ మీంచి లేచేటప్పుడు 'అమ్మా' అనడం మాత్రం బాగా తగ్గింది. పొట్ట కరగాలని తొందరపడేవాళ్లకు ఇవి నచ్చవు.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. వారంలో రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా ఉండాలంటారు, ఈ నడకలో భుజాలకు, చేతులకు ఆ పని చాలదు. అందుకే ఆ రెండు రోజులు గోడకు చేతులానించి పుషప్‌లు, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం కలుపుకుంటున్నాను. వాటికి వీడియో కూడా అక్కర్లేదు.