మోటుపల్లికి బోటులో వెళ్లి, ఆటోలో తిరిగొచ్చాం

కొత్తపట్నం నుంచి ఒకప్పటి ఓడరేవు మోటుపల్లి దాకా సముద్రం మీద వెళ్లాలని మా బావకి ఎప్పటినుంచో కోరిక. మోటుపల్లి 2022లో బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ, మా ప్రకాశం వాళ్లం ఇంకా మాదే అనుకుంటాం. ఒంగోల్లో ఒకాయన బోటు మాట్లాడిపెడతానన్నాడు. నలుగురికి రానూపోనూ 4,000, దారిలో కనుపర్తి దగ్గర ఆపుతారు, తీరం పొడుగునా పాత గుళ్లు కనపడతాయి, అన్నీ అందులోనే అని నమ్మబలికితే 2,000 అడ్వాన్సు ఇచ్చేశాం.

గుళ్లా? ఒక్కటీ కనపళ్లేదు. సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు, మళ్లీ సరుగుడు తోటలు. పాతవన్నీ ఒడ్డుకి బాగా లోపల ఉన్నాయి మరి. కనుపర్తి దగ్గర అల పెద్దదిగా ఉందని ఆపనేలేదు. (తర్వాత ఇంకో ఆదివారం కార్లో వెళ్లి అక్కడి మ్యూజియం చూసొచ్చాం.) లైఫ్ జాకెట్లు రెండే ఉంటే చెల్లెలికీ పిల్లోడికీ వేశాం. కడుపులో తిప్పేసి చెల్లెలు బావతో గంటసేపు మాట్లాడలేదు.

ఆవిడ మూడ్ మార్చింది మాత్రం బోటు వాళ్ల క్యారేజీ. చద్దన్నం, మామిడికాయ వేసిన నెత్తళ్ల పులుసు, రాత్రి వండింది. మేం తెచ్చుకున్న పులిహోర వాళ్లకిచ్చి, వాళ్ల పులుసు మొత్తం మేమే ఊడ్చేశాం, సిగ్గు లేకుండా.

మోటుపల్లి దగ్గర తొడల్లోతు నీళ్లలో దిగి, ఇసుకలో నడిచి వీరభద్రస్వామి గుడికి చేరాం. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఇక్కడిదే. అంతకుముందు రాజులు తుఫానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవాళ్లట. ఈయన అది మానేసి, సుంకం మాత్రమే తీసుకుంటానని, ముప్పైలో ఒక వంతు అని, చందనానికి ఇంత, కర్పూరానికి ఇంత అని రేట్లతో సహా రాతి మీద చెక్కించాడు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా వర్తకులకి అలాంటి అభయమే ఇచ్చాడు.

ఇదంతా బావ పిల్లోడికి చెబుతుండగానే ఒంగోలాయన ఫోను. వెయిటింగుకి 1,500, డీజిలుకి 1,000 ఇస్తేనే బోటు ఆగుతుందట. గణపతిదేవుడి లెక్కన మా 4,000 మీద సుంకం 133 రూపాయలు! ఆ రాజు ఒడ్డుకొచ్చిన సరుకుని వదిలేస్తే, ఈయన ఒడ్డున దిగిన మమ్మల్నే పట్టుకున్నాడు. "మేవేం చేస్తాం సార్, ఆయన చెప్పినట్టు చెయ్యాల" అని బోటు వాళ్లు తలలు దించుకున్నారు.

మేం ఇవ్వలేదు. చినగంజాం స్టేషన్‌కి ఆటో 300, అక్కణ్ణుంచి రైల్లో ఒంగోలు. అసలు మీరు మోటుపల్లికి ఇలాగే వెళ్లండి, బోటు వద్దు. సముద్రం మీద తిరగాలనే సరదా ఉంటే ఒడ్డుకెళ్లి బోటు వాళ్లతోనే నేరుగా మాట్లాడుకోండి, జాకెట్లు లెక్కపెట్టుకుని ఎక్కండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం, అప్పుడు బోట్లు కదలవు.

బోటు వాళ్లకి ఎంత ముడుతుందని అడిగితే డీజిలు పోను 1,200 అన్నారు. ఇవ్వాల్సిన 2,000 వాళ్ల చేతిలోనే పెట్టి పంపించాం. ఒంగోలాయన ఇంకా మెసేజీలు పెడుతూనే ఉన్నాడు, బావ చూసి నవ్వుకుంటున్నాడు.