కాకసా, ప్రైమరీనా, పార్టీ పెద్దల మాటా? అమెరికాలో అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి ఏది మేలు?

2024 ఫిబ్రవరిలో నెవాడా రిపబ్లికన్లు ఒకే వారంలో రెండు ఎన్నికలు చూశారు. 6వ తేదీన ప్రభుత్వం నడిపిన ప్రైమరీ (మామూలు ఎన్నికలాగా ఓటు వేసేది), 8వ తేదీన పార్టీ సొంతంగా పెట్టుకున్న కాకస్ (జనం ఒకచోట సమావేశమై అభ్యర్థిని ఎంచుకునేది). పార్టీ మహాసభలో అభ్యర్థిని ఖాయం చేసే ప్రతినిధులైన డెలిగేట్లను మాత్రం కాకస్ ఫలితాన్ని బట్టే ఇస్తామని, ప్రైమరీలో పోటీ చేసినవాళ్లకు కాకస్‌లో చోటు లేదని పార్టీ ముందే తేల్చేసింది. ట్రంప్ కాకస్ వైపు వెళ్లారు, ఆయనతో పోటీపడుతున్న నిక్కీ హేలీ ప్రైమరీ వైపు. ప్రైమరీ బ్యాలెట్‌లో ట్రంప్ పేరే లేకపోయినా హేలీ ఓడిపోయారు. మన నోటాలాగా అక్కడ ఉండే 'వీరిలో ఎవరూ కాదు' అన్న గడికి 63 శాతం ఓట్లు పడ్డాయి. రెండు రోజుల తర్వాత 26 డెలిగేట్లూ ట్రంప్‌కే వెళ్లాయి. ఎలాగూ ఆయనే గెలిచేవారేమో. కానీ ఓటరు సాయంత్రం దాకా క్యూలో నిలబడి వేసిన ఓటుకు విలువ లేదని ముందే రాసిపెట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

ముందు కాకస్ సంగతి చూద్దాం. అయోవా రాష్ట్రంలో చలికాలం రాత్రి ఏడు గంటలకు జనం బడుల్లో, చర్చిల్లో కలుస్తారు. రిపబ్లికన్లు ప్రసంగాలు విని చీటీ మీద రహస్యంగా ఓటు వేస్తారు. డెమోక్రాట్ల పద్ధతి 2020 దాకా వేరు. ఒక్కో అభ్యర్థి మద్దతుదారులు గదిలో ఒక్కో మూల నిలబడాలి. సాధారణంగా 15 శాతం కూడా రాని గుంపు చెదిరిపోయి ఇంకో గుంపులో కలవాలి. దీనిలో మంచి లేకపోలేదు. పక్కింటివాళ్లు ఎదురెదురుగా నిలబడి వాదించుకుంటారు, డబ్బు తక్కువ ఉన్న అభ్యర్థి కూడా ఊరూరా తిరిగి పేరు తెచ్చుకోగలడు. 2008 జనవరి 3న ఒబామా పేరు దేశమంతా మారుమోగింది అయోవా గెలుపుతోనే.

కానీ ఆ రాత్రి ఏడు గంటలకు రాగలిగేది ఎవరు? ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సుకు కుదరదు. గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు రాలేడు, చంటిపిల్ల తల్లికీ కుదరదు. డెమోక్రాట్ల కాకస్‌లో అయితే వచ్చినవాళ్లు కూడా తమ పై అధికారి చూస్తుండగానే ఏదో ఒక మూల నిలబడాల్సి వచ్చేది. ఓటు రహస్యంగా ఉండాలన్న నియమాన్ని మనం ఎందుకు పెట్టుకున్నామో గుర్తు తెచ్చుకుంటే, ఇది ఎంత ఇబ్బందో అర్థమవుతుంది.

తేడా ఎంత ఉంటుందో 2016లో వాషింగ్టన్ రాష్ట్రం చూపించింది. మార్చిలో డెమోక్రాట్ల కాకస్‌కు సుమారు 2.3 లక్షల మంది వచ్చారు, బెర్నీ సాండర్స్ 70 శాతానికి పైగా మద్దతుతో గెలిచారు. మే నెలలో అదే రాష్ట్రంలో, అదే పార్టీ ప్రైమరీలో దాదాపు 8 లక్షల ఓట్లు పడ్డాయి, హిల్లరీ క్లింటన్ గెలిచారు. డెలిగేట్లు మాత్రం కాకస్ లెక్క ప్రకారమే. జనం మూడు రెట్లు పెరిగేసరికి విజేతే మారిపోయారు. 2020 అయోవాలో కొత్త యాప్ పనిచేయక ఫలితాలు రోజుల తరబడి రాకపోవడంతో కాకస్ మీద మిగిలిన నమ్మకం కూడా పోయింది. ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు, ప్రైమరీయే మేలు.

ఓట్లను డెలిగేట్లుగా మార్చే లెక్క ఇంకో పేచీ. 2016 దక్షిణ కరోలినాలో ట్రంప్‌కు వచ్చింది 32.5 శాతం ఓట్లు, దక్కినవి మొత్తం 50 డెలిగేట్లు. రిపబ్లికన్ పార్టీ చాలా రాష్ట్రాల్లో గెలిచినవాళ్లకే అన్నీ ఇచ్చే పద్ధతిని అనుమతిస్తుంది. డెమోక్రాట్లు 15 శాతం దాటిన ప్రతి ఒక్కరికీ వాటా ఇస్తారు. మొదటిదానిలో పోటీ త్వరగా తేలిపోతుంది. రెండోదానిలో 2008 నాటి ఒబామా, హిల్లరీల పోటీలాగా జూన్ దాకా సాగుతుంది, టెన్షన్ కూడా అంతే. అయినా మూడింట రెండు వంతుల మంది వద్దన్న మనిషికి రాష్ట్రం మొత్తం రాసిచ్చే పద్ధతిని నేను సమర్థించలేను.

డిబేట్ల గురించి జనంలో కోపం ఎక్కువ, దానికి కారణాలూ ఉన్నాయి. 2015 ఆగస్టు 6న క్లీవ్‌ల్యాండ్‌లో 17 మంది రిపబ్లికన్లు ఉంటే సర్వేల ప్రకారం పది మందికి రాత్రి వేదిక, మిగిలిన ఏడుగురికి సాయంత్రం వేదిక ఇచ్చారు. 2019లో మయామీలో డెమోక్రాట్లు ఇరవై మందిని రెండు రాత్రులకు పంచారు. అక్కడికి రావాలంటే 65 వేల మంది దాతలైనా ఉండాలి, మూడు సర్వేల్లో ఒక శాతమైనా రావాలి. 2023లో రిపబ్లికన్లు 40 వేల మంది దాతలు ఉండాలన్నారు. నార్త్ డకోటా గవర్నర్ డగ్ బర్గమ్ ఒక డాలర్ విరాళం ఇచ్చినవాళ్లకు 20 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇచ్చి ఆ గీత దాటారు. ఇలాంటి నిబంధన జనాదరణను కొలవదు.

వేదిక మీద మెరిసినవాళ్లు ఓట్ల దగ్గర నిలవడం కూడా అరుదే. మయామీలో బైడెన్‌ను నిలదీసి కమలా హారిస్ సర్వేల్లో పైకి ఎగిరారు. డిసెంబర్ వచ్చేసరికి, ఒక్క ఓటు పడకముందే తప్పుకున్నారు. 2023 ఆగస్టులో మిల్వాకీ డిబేట్ తర్వాత అందరూ రిపబ్లికన్ అభ్యర్థిత్వానికి పోటీపడిన వ్యాపారవేత్త వివేక్ రామస్వామి గురించే మాట్లాడుకున్నారు, అయోవాలో ఆయనది నాలుగో స్థానం. అసలు ఏ డిబేట్‌కూ రాని ట్రంప్‌కు అక్కడ 51 శాతం వచ్చాయి.

అంతమాత్రాన డిబేట్లు దండగ అనలేం. 2020 ఫిబ్రవరిలో డెమోక్రాట్ల పోటీలో ఉన్న కుబేరుడు, న్యూయార్క్ మాజీ మేయర్ మైకేల్ బ్లూంబర్గ్ ప్రకటనల మీద కోట్లాది డాలర్లు కుమ్మరించి వేగంగా ఎదుగుతున్నారు. లాస్ వేగస్ డిబేట్‌లో తోటి పోటీదారు ఎలిజబెత్ వారెన్ ఒక్క రాత్రి అడిగిన ప్రశ్నలకు ఆయన దగ్గర సరైన జవాబు లేకపోయింది. అంత డబ్బుకూ ఆయన గెలిచింది అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల ప్రాంతం ఒక్కటే. విజేతను చూపించలేకపోయినా, లోపాన్ని మాత్రం డిబేట్ దాచనివ్వదు.

అందుకే 2024లో డెమోక్రాట్లు చేసిన పని నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అధ్యక్షుడే పోటీలో ఉన్నారని ఒక్క ప్రైమరీ డిబేట్ కూడా పెట్టలేదు. బైడెన్‌కు 1.4 కోట్లకు పైగా ప్రైమరీ ఓట్లు పడ్డాయి. జూన్ 27న అట్లాంటాలో ట్రంప్ ఎదుట ఆయన తడబడటం దేశమంతా చూసేసరికి ప్రైమరీలన్నీ అయిపోయాయి. జులై 21న తప్పుకున్నారు, ఆగస్టు మొదటి వారంలోనే డెలిగేట్లు హారిస్‌ను ఖాయం చేశారు. ఆ ఏడాది ప్రైమరీల్లో అధ్యక్ష అభ్యర్థిగా ఆమె పేరు ఎవరూ చూడలేదు. జనవరిలోనే ఒక్క డిబేట్ పెట్టి ఉంటే ఓటర్లే తేల్చుకునేవాళ్లు.

పెద్దల మాటకు చోటే లేదా అంటే, ఉంది. 1968లో షికాగోలో జరిగిన డెమోక్రాట్ల మహాసభలో అప్పటి ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ దిగకుండానే అభ్యర్థి అయ్యారు. బయట వీధుల్లో పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు, ఆ చేదు నుంచే 1972 నాటికి ఇప్పటి ప్రైమరీల పద్ధతి వచ్చింది. హైకమాండ్ బీ-ఫారం ఎవరికిస్తే వాళ్లే అభ్యర్థి అన్నది మనకు అలవాటైన సంగతి కాబట్టి, ఆ మార్పు ఎంత పెద్దదో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2020లో దక్షిణ కరోలినాలో పలుకుబడి ఉన్న కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ చేసింది దీనికి పూర్తిగా భిన్నం. దక్షిణ కరోలినా ప్రైమరీకి మూడు రోజుల ముందు బైడెన్‌కు మద్దతు అని బహిరంగంగా చెప్పారు. జనం విన్నారు, ఓటు వేశారు, అప్పటిదాకా అయోవాలో నాలుగు, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానంలో ఉన్న మనిషి నిలబడ్డారు. పెద్దలు ఓటుకు ముందు మాట్లాడాలి, ఓటు తర్వాత కాదు.

ఇంతకీ అమెరికా పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్లు చాలామంది ఓటరు నమోదులో పార్టీ పేరు అడిగే ఒక గడి దగ్గర నష్టపోతుంటారు. టెక్సాస్‌లో ఓటరు నమోదులో పార్టీ రాయనక్కర్లేదు, ఫ్రిస్కోలో ఉన్నవాళ్లు ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది అడగొచ్చు. పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో అలా కుదరదు. 'ఏ పార్టీ కాదు' అని నమోదైతే అధ్యక్ష ప్రైమరీ బ్యాలెట్ ఇవ్వరు. పార్టీ మార్చుకోవాలంటే ఫ్లోరిడాలో ప్రైమరీకి 29 రోజుల ముందు, పెన్సిల్వేనియాలో 15 రోజుల ముందు గడువు ముగుస్తుంది. 2028 వచ్చేలోగా మీ నమోదులో ఏముందో రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.