పెరటి వంటగది: ఇంటి గోడకు ఆనించాలా, విడిగా కట్టాలా?

పెరట్లో కప్పు వేసి వంటగది కట్టుకోవాలనుకునేవారు ముందు తేల్చుకోవలసింది పొయ్యి రకం కాదు, చోటు.

ఖర్చు: గోడకు ఆనిస్తే ఒక వైపు స్తంభాల ఖర్చు మిగులుతుంది, నీళ్లు, కరెంటు చేతికందే దూరంలో ఉంటాయి. విడిగా కడితే అన్ని స్తంభాలకూ పునాది తీయాలి, పైపులకూ తీగలకూ కందకం తవ్వాలి. చాలామంది కప్పుకు లెక్క వేసుకుని ఈ కందకాన్ని మరిచిపోతారు.

శ్రమ: ఆనించినదైతే గిన్నెలు రెండడుగుల్లో ఇంట్లోకి చేరతాయి. విడిదైతే ఉప్పు మరిచినా మళ్లీ నడవాలి.

పొగ: ఇందులో విడి వంటగదిదే పైచేయి. గోడ పక్కన వండితే పొగ కిటికీల్లోంచి ఇంట్లోకే వస్తుంది. బొగ్గు వాడేవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దాన్నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.

వాన, గాలి: ఆనించిన కప్పు కారేది గోడతో కలిసే అతుకు దగ్గరే. అక్కడ సిమెంటు పూసి వదిలేస్తే పగులుతుంది. గోడలో గాడి తీసి రేకు పట్టీ దించి, సీలెంట్‌తో మూయించాలి. విడి కప్పును గాలి కింది నుంచి ఎత్తుతుంది. స్తంభాలను పునాదికి బోల్టులతో బిగించాలి.

గ్యాస్: ఎక్కడైనా ఒకటే. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే కిందే చేరుతుంది కనుక సిలిండర్ పెట్టే అరకు కింది భాగాన కన్నాలు ఉండాలి.

రోజూ గ్యాస్ మీద వండేవారికి గోడ పక్కే మేలు. కట్టెల పొయ్యి మీద అప్పుడప్పుడు పదిమందికి వండేవారు దూరంగా కట్టుకోవాలి. స్థలం చిన్నదైతే గోడే గతి. అప్పుడు మిగతా మూడు వైపులా తెరిచే ఉంచండి.