గుండీలు లేని చొక్కాలు: ఒక బొమ్మల కార్డుల సెట్ రివ్యూ

ఐదుకి రెండున్నర స్టార్లు. ఆ అర స్టారు కాగితం బాగున్నందుకు.

ఆడ సముద్రపు దొంగల బొమ్మల కార్డులు మా అమ్మాయి కోసం కొన్నాను. మందంగా ఉన్నాయి, నీళ్లలో పడినా రంగు పోలేదు. నేను బట్టలు కుట్టేదాన్ని, నా కళ్లు ముందు బట్టల మీదికే పోతాయి. తేడా అక్కడే దొరికింది.

యాన్ బానీ, మేరీ రీడ్ ఇద్దరికీ చొక్కా బొడ్డు దాకా తెరిచే ఉంది, నడుముకి బిగించిన కార్సెట్. దాంతో వంగి కింద పడ్డ సూది తీయడమే కష్టం, ఇక తెరచాప తాడు పట్టుకుని ఎక్కడమా! 1720 నవంబర్‌లో జమైకాలో వాళ్ల విచారణ జరిగినప్పుడు డొరతీ థామస్ సాక్ష్యం చెప్పింది. ఈమె పడవను దోచింది వీళ్ల ముఠానే. మగవాళ్ల జాకెట్లు, పొడుగు ప్యాంట్లు, తలకి రుమాళ్లు, చేతిలో కత్తీ పిస్తోలూ ఉన్నాయంది. రొమ్ముల్ని బట్టి ఆడవాళ్లని పోల్చుకుందట, అదీ జాకెట్ ఉండగానే. దీన్ని చంపేయండి, లేకపోతే రేపు మన మీద సాక్ష్యం చెబుతుందని మగవాళ్ల మీద కేకలేసింది కూడా వీళ్లిద్దరే. (చెప్పనే చెప్పింది.) దోపిడీకి దిగేటప్పుడే మగ బట్టలు, మిగతా వేళల్లో ఆడ బట్టలేనని ఇంకో ఇద్దరు సాక్షులు అన్నారు. పని బట్టలు వేరు, మామూలు బట్టలు వేరు, అంతే. కార్డు వెనక మాత్రం ‘మగవేషంలో ఓడలో అందర్నీ మోసం చేశారు’ అని ఉంది. 1725లో వచ్చిన డచ్ పుస్తకం బొమ్మల్లోనే చొక్కాలు విప్పేశారు. మూడొందల ఏళ్లయినా ఎవరూ గుండీలు పెట్టలేదు.

చైనా ఆవిడ పేరు ‘జెంగ్ యీ సావో’ అని వేశారు. సావో అంటే అన్న భార్య, మన వదిన. దొంగల నాయకుడు జెంగ్ యీ పెళ్లాం అని జనం పిలిచిన పిలుపు అది. 1807లో భర్త పోయాక వందల ఓడల్ని నడిపింది. 1810లో ఆయుధం లేకుండా, ఆడవాళ్లనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) నగరానికి వెళ్లి, గవర్నర్‌తో బేరమాడి క్షమాభిక్ష తెచ్చుకుంది. ఆ బేరం గురించి కార్డులో ఒక్క ముక్క లేదు. ‘అందం: 9’ అని మాత్రం ఉంది. మగ దొంగల సెట్‌లో అందం గడే లేదు, చూశాను.

ఐర్లండ్ ఆవిడ గ్రేస్ ఓమాలీ కార్డు ఒక్కటే బాగుంది. 1593లో ఇంగ్లండ్ మొదటి ఎలిజబెత్ రాణి ఎదుట నిలబడ్డ పెద్దావిడ, ఒళ్లంతా కప్పిన ఉన్ని అంగీ.

వాపసు పంపలేదు. నల్ల స్కెచ్ పెన్‌తో యాన్ చొక్కాకి నాలుగు గుండీలు పెట్టాను. మేరీకి రుమాలు మా అమ్మాయి గీస్తానంది.