అచ్చాపీసు పని తెలిసిన మనిషి రాసిన పుస్తకం

ఈడిత్ యూడోరా కోల్ రాసిన ‘ల్యాండ్ ఆఫ్ ద బర్న్‌ట్ థై’ అనే స్వీయకథ 1938లో వచ్చింది. పాత పుస్తకాలుంచే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్లో ఉచితంగా ఉంటే ఫోన్లోకి దించుకుని చదివాను. తెనాలిలో ప్రెస్సులో కంపోజింగ్, అంటే అచ్చుకు సీసపు అక్షరాలు పేర్చే పని, చేసినదాన్ని, నాకు ఈ పుస్తకం తెగ నచ్చింది.

1907లో ఈడిత్, ఐడా మేరీ అనే అక్కచెల్లెళ్ళిద్దరు అమెరికాలోని సౌత్ డకోటా బీడు భూముల్లోకి వెళ్తారు. 1862 నాటి చట్టం ప్రకారం పెళ్ళికాని ఆడపిల్లకైనా 21 ఏళ్ళు నిండితే 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకునే హక్కుండేది. అయితే అక్కడ కాపురముండాలి, సాగు చెయ్యాలి. ఆ తర్వాత పట్టా కావాలంటే దగ్గరి పత్రికలో వరసగా కొన్ని వారాలు నోటీసు వేయించాలి. ఆ నోటీసుల డబ్బుతోనే అక్కడి చిన్న పత్రికలు బతికేవి. అందరి పట్టాలూ అయిపోతే పత్రిక మూతే! కోర్టు నోటీసుల మీద నెట్టుకొచ్చిన మన ఊరి వారపత్రికల సంగతి తెలిసినవాళ్ళకు ఇదంతా ఇట్టే అర్థమవుతుంది.

‘ఏ తెలివితక్కువవాడైనా టైపు పేర్చగలడు’ అని ఒక అధ్యాయం పేరు. నేనొప్పుకోను. అక్షరం తిరగేసి చదవాలి, లైను బిగుతుగా ఉండాలి, లేకపోతే పేర్చిన పేజీ చట్రం ఎత్తగానే సీసమంతా నేలపాలు. ఈడిత్ మాత్రం పని నేర్చుకుని, తర్వాత లోయర్ బ్రూలే రిజర్వేషన్ (ఆదివాసులకు కేటాయించిన ప్రాంతం) నేల మీద సొంత పత్రికే పెట్టింది. పక్కనే కొట్టు, పోస్టాఫీసు. 1908లో రోజ్‌బడ్ అనే మరో రిజర్వేషన్ భూములను పంచే లాటరీకి లక్షకు పైగా జనం ఎగబడ్డ భాగం ఊపిరి తిప్పుకోనివ్వదు. మంచు తుఫాను, కరువు, చివరికి అగ్నిప్రమాదం... ఏదీ ఏడుస్తూ చెప్పదు.

ఒక్కటి మాత్రం నన్ను బాధపెట్టింది. ఆ నేల అక్కడి ఆదివాసులైన లకోటా ప్రజలది. పుస్తకంలో వాళ్ళు ఎక్కువగా ఆమె కొట్టుకు వచ్చే ఖాతాదారులుగా, మంచి ఇరుగుపొరుగుగా కనిపిస్తారే గాని, భూమి పోయిన వాళ్ళ గోడు వినపడదు. వచ్చి స్థిరపడ్డవాళ్ళ గొప్పతనం చెప్పే పేజీలు కూడా కొంచెం సాగాయి.

కాగితం పుస్తకమే కావాలంటే మిన్నెసోటా హిస్టారికల్ సొసైటీ ప్రెస్ 1986లో మళ్ళీ వేసింది. నాకైతే ఫోన్లో అక్షరం పెద్దది చేసుకుని చదవడమే హాయిగా ఉంది. ఇంగ్లీషు తేలికే, ఇంటర్ చదివే పిల్లలకు కూడా ఇవ్వొచ్చు.