ఆరు సెషన్ల దాకా ఉచితం: అమెరికా యూనివర్సిటీలో ఈఏపీ వాడిన అనుభవం

అమెరికాలో యూనివర్సిటీ ఉద్యోగంలో చేరిన రోజు చేతిలో పెట్టే కాగితాల్లో, హెల్త్ ఇన్సూరెన్స్‌కీ రిటైర్‌మెంట్ ఫారాలకీ వెనక ఎక్కడో ఈఏపీ కరపత్రం ఉంటుంది. ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అని దాని పూర్తి పేరు, ఉద్యోగులకి ఉచితంగా కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు ఇప్పించే ఏర్పాటు. మనవాళ్లు దాన్ని తెరిచి చూడడం తక్కువే. నేను మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతాను. దీన్ని చాలా ఏళ్లుగా వాడుతున్నాను, నాతోపాటు మావారూ వాడారు.

మా దగ్గర ఒక్కో సమస్యకి ఏడాదికి ఆరు సెషన్లు ఇస్తారు. మూడే ఇచ్చే చోట్లున్నాయి, ఎనిమిది ఇచ్చేవీ ఉన్నాయి. కో-పే (ప్రతిసారీ మన జేబులోంచి కట్టే వాటా) లేదు, ఇన్సూరెన్స్‌కి బిల్లు వెళ్లదు. నాన్నగారి జబ్బు సమయంలో నేను వాడినవి ఒక ఖాతా, అదే ఏడాది మా అబ్బాయి చదువు గొడవలకి వాడినవి ఇంకో ఖాతా. ఈ సంగతి కరపత్రంలో లేదు, ఫోన్లో అడిగితేనే చెప్పారు. మాది ఇంట్లోవాళ్లకి కూడా వర్తిస్తుంది. హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబసభ్యులకిచ్చే వీసా) మీద వచ్చి ఇంట్లో ఉండిపోయినవాళ్లు, ఉద్యోగం చేసే మనిషితో చెప్పకుండానే ఫోన్ చేసుకోవచ్చు.

అందరూ అడిగేది గుట్టు గురించే. డిపార్ట్‌మెంట్ చైర్‌కి తెలుస్తుందా, టెన్యూర్ (ప్రొఫెసర్లకి ఉద్యోగం పర్మనెంట్ చేయడం) ఫైల్లో పడుతుందా, హెచ్1బీ పొడిగింపుకి అడ్డమా? మొత్తం ఎంతమంది వాడారన్న లెక్క తప్ప పేర్లు యూనివర్సిటీకి వెళ్లవు. మావారు కొన్నాళ్లు మాట్లాడుతున్నారని ఆయన చెప్పేదాకా నాకే తెలియదు! ప్రాణాపాయం ఉందనిపించినా, పిల్లల మీద హింస జరుగుతోందని తెలిసినా, కోర్టు ఆదేశం వచ్చినా గుట్టు ఆగదు. అది మొదటి సెషన్లోనే కాగితం మీద చూపిస్తారు. ఒకటి మాత్రం జాగ్రత్త. పనిలో ఇబ్బంది వచ్చి పైవాళ్లే అధికారికంగా పంపిస్తే, మీ సంతకంతో ‘హాజరవుతున్నారు’ అన్న మాట వాళ్లకి చేరుతుంది. ఆ సంతకం పెట్టే ముందు ఏమేం వెళ్తాయో చదవండి.

మొదట్లో మా క్యాంపస్‌లోనే కౌన్సెలింగ్ ఆఫీసు ఉండేది. అక్కడున్నావిడకి టెన్యూర్ గడువు ఒత్తిడి తెలుసు, మూడో ఏడు రివ్యూ అంటే ఏమిటో తెలుసు, తొమ్మిది నెలల కాంట్రాక్టు వాళ్లకి జూన్‌లో డబ్బు బెంగ ఎందుకొస్తుందో తెలుసు. తర్వాత ఆ ఆఫీసు ఎత్తేసి బయటి కంపెనీకి అప్పగించారు. ఇప్పుడు అర్ధరాత్రి చేసినా ఫోన్ ఎత్తుతారు, వీడియోలో మాట్లాడొచ్చు, కారిడార్లో సహోద్యోగి ఎదురవుతారన్న జంకు లేదు. కానీ కంపెనీ పంపిన జాబితాలో చాలామంది కొత్తవాళ్లని తీసుకోవడం లేదు. దొరికినాయనకి టెన్యూర్ అంటే ఏమిటో చెప్పడంతోనే మొదటి సెషన్ అయిపోయింది. ఆరింటిలో ఒకటి అలా పోతే బాధే. నన్నడిగితే పాత ఆఫీసే నయం.

తెలుగు కౌన్సెలర్ కావాలని అడిగాను, మా రాష్ట్రంలో దొరకలేదు. ఫోన్లో దుబాసీని పెడతామన్నారు, వద్దన్నాను. మధ్యలో ఇంకో తెలుగు మనిషి ఉంటే నేను మాట్లాడను, అంతే. తర్వాత దొరికినావిడతో ఇంగ్లీషులోనే మాట్లాడాను. అత్తగారు విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉంటారంటే, దగ్గర్లో ఆవిడకో అపార్ట్‌మెంట్ చూడొచ్చు కదా అంది. నవ్వొచ్చింది. కానీ వివరంగా చెప్పాక ఆవిడ అడిగిన ప్రశ్న ఇప్పటికీ పనికొస్తోంది: ‘మీ ఇంట్లో ఆమెతో "కుదరదు" అని ఎవరు చెప్తారు, మీరా, మీ ఆయనా?’

నాన్నగారి విషయంలో సెలవు దారి చూపించింది కూడా ఆవిడే. 1993 నాటి ఎఫ్‌ఎంఎల్‌ఏ (ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ యాక్ట్) చట్టం కింద తల్లిదండ్రుల తీవ్ర అనారోగ్యానికి ఏడాదిలో 12 వారాల దాకా జీతం లేని సెలవు తీసుకోవచ్చు, ఉద్యోగం పోదు. అత్తమామలకి ఇది వర్తించదు. అత్తగారి ఆపరేషన్‌కి అందుకే మావారు పెట్టుకున్నారు. ఏడాది సర్వీసు, గడిచిన 12 నెలల్లో 1,250 గంటల పని ఉండాలి కాబట్టి ఒకటి రెండు కోర్సులు చెప్పే అడ్జంక్ట్‌లు (పార్ట్‌టైమ్ టీచర్లు) తరచూ ఇందులోకి రారు.

విశాఖలో నాన్నగారి దగ్గరున్నప్పుడు మాత్రం వీడియో సెషన్ కుదరలేదు. కౌన్సెలర్ లైసెన్సు రాష్ట్రానిది, మనం ఆ రాష్ట్రంలో ఉంటేనే చెల్లుతుంది. ఇండియా వెళ్లే ముందు ఈ సంగతి మాట్లాడుకోండి. అక్కడ 2022 అక్టోబరు నుంచి టెలి-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మా ఈఏపీలో కౌన్సెలింగ్ ఒక్కటే కాదు, లాయరుతో అరగంట కూడా ఉచితం. వీలునామాకీ అద్దె గొడవకీ బాగుంది. యూనివర్సిటీ మీదే ఫిర్యాదంటే ఆ లాయరు నోరు విప్పడు, దానికి ఆంబుడ్స్ ఆఫీసుకి (యూనివర్సిటీలో ఫిర్యాదులు వినే ఆఫీసు) వెళ్లాలి. మన చేతికింద పనిచేసే మనిషి తేడాగా ఉంటే, ఆ మనిషి పేరు చెప్పకుండా ఈఏపీకి ఫోన్ చేసి ఎలా మాట్లాడాలో అడగొచ్చు. కోర్సు కోఆర్డినేటర్‌గా ఉన్నప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే.

ఏళ్లుగా వెంటాడే డిప్రెషన్‌కి ఆరు సెషన్లు ఏ మూలకి? ఈ కార్యక్రమాల మూలాలు 1940ల్లో తాగుడు అలవాటున్న ఉద్యోగుల కోసం కంపెనీలు పెట్టిన ఏర్పాట్లలో ఉన్నాయి. సమస్యేమిటో చూసి సరైన చోటికి పంపడమే అప్పటి పని, ఇప్పటికీ అసలు పని అదే. చిక్కల్లా ఆ పంపడంలోనే ఉంది. ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో థెరపిస్ట్ దొరకడానికి వారాలు పడుతుంది, దొరికాక కథంతా మొదటినుంచి చెప్పాలి. ఆగలేని పరిస్థితైతే ఈఏపీ కోసం చూడొద్దు, అమెరికాలో ఆత్మహత్య, మానసిక సంక్షోభాల హెల్ప్‌లైన్ అయిన 988కి ఫోన్ చేయాలి.

అందుకే మొదటి ఫోన్‌లోనే అడగండి: ఈ కౌన్సెలర్ మా ఇన్సూరెన్స్‌లో కూడా ఉన్నారా, సెషన్లు అయిపోయాక ఈవిడ దగ్గరే కొనసాగొచ్చా? కొన్ని చోట్ల ఒప్పుకోరు. మా దగ్గర ఒప్పుకుంటారు. నేను ఇప్పుడు చూస్తున్నావిడ రెండింట్లోనూ ఉంది, ఏడో సెషన్ నుంచి కో-పే కడుతున్నాను.